ముప్పై తొమ్మిదో వరస

ఉదయం ఏడింటికి టీ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చి, కుట్టుమిషను మీద గుడ్డ సర్ది, దాని మీద లాప్‌టాప్ తెరవడం ఆయనకు అలవాటైపోయింది. ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరై నాలుగేళ్లయినా వీధిలో అందరికీ డ్రైవరుగారే. అంత పెద్ద స్టీరింగు ఆయన చెప్పినట్టు విన్నది కానీ, గుప్పెడంత మౌసు మాత్రం వినదు. బాణాన్ని ఇటు రమ్మంటే అటు పోతుంది.

ఆ గది ఆయన భార్యది. ఊరందరికీ ఆవిడ టైలరమ్మ. ఆవిడ పోయి మూడు నెలలైంది. అరకొరగా కుట్టిన బట్టల్ని ఎవరివి వాళ్లు మెల్లగా వచ్చి పట్టుకుపోయారు. ఒకావిడ గుండీలు కుట్టని చొక్కాని అలాగే గుండెకు హత్తుకుని తీసుకెళ్లింది. గోడ మేకుకు పసుపు రంగు టేపు మాత్రం ఇంకా వేలాడుతోంది.

ఏడాది కిందట కూతురే తల్లిని ఆన్‌లైన్ కాలేజీలో చేర్పించింది. వ్యాపార సమాచార వ్యవస్థలు, ఆఫీసు సాఫ్ట్‌వేర్, మొత్తం ఎనిమిది పాఠాలు. యాభై ఎనిమిదేళ్ల విద్యార్థినిని చూసి వీధి వీధంతా నవ్వింది. కాలేజీ అమ్మాయివైపోయావు, ఇక మా బట్టలేం కుడతావులే అనేవాళ్లు. ఆవిడా నవ్వేది. మిషను తొక్కుతూ పాఠం వినేది, పాఠానికి మూడు ప్రశ్నలు చొప్పున టీచరుకు పంపేది. ఐదో పాఠం మొదలుపెట్టిన రోజే మిషను పక్కన ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు.

రెండు వారాల తర్వాత మూసిన లాప్‌టాప్‌ని తుడుస్తూ తెరిస్తే టీచరు ఉత్తరం కనిపించింది. "మేడమ్, ఐదో పాఠం పంపలేదు. ఒంట్లో బాగుందా?" ఆవిడ లేదని రాద్దామనే ఆయన కూర్చున్నాడు. ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కాడు. తీరా చూసుకుంటే తను రాసింది ఇది: "కొంచెం ఆలస్యమైంది. పంపుతాను."

ఆ రోజు నుంచి ఆయన చదువుతున్నాడు. ఆవిడ నోటుబుక్కు, ఆవిడ ఇయర్‌ఫోన్లు, ఆవిడ పేరు. ఐదో పాఠం తప్పుల తడకగా వెళ్లింది. ఆరోది కాస్త మెరుగు. "బాగుంది మేడమ్" అని టీచరు రాసిన మాటను ఆయన రోజుకోసారి తెరిచి చూసుకునేవాడు. ఆవిణ్ణి ఇంకా బతికున్న మనిషిగా పలకరించేది లోకంలో ఆ ఒక్క చోటే.

ఒక ఉదయం ఏడున్నరకు కూతురు వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో పని ఆమెకు. డ్యూటీకి వెళ్లే దారిలో వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఉంది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఫోను చూపించింది.

"అమ్మ ఆరో పాఠం పూర్తి చేసిందట నాన్నా. ముప్పావు వంతు కోర్సు అయిపోయిందని అభినందనలు చెబుతూ నాకు మెయిలొచ్చింది."

చేర్పించేటప్పుడు కాలేజీకి తన మెయిలు కూడా ఇచ్చిన సంగతి ఆమే మరిచిపోయింది. ఆయనకైతే తెలియనే తెలియదు. గ్లాసు మిషను అంచున పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరు పూర్తి చేశారు?" అంది కూతురు.

"నేనే."

"అమ్మ పేరుతో పరీక్ష రాస్తున్నావా? కాపీ కొట్టకూడదని నీకే నేర్పించాల్సొస్తుందని అనుకోలేదు నాన్నా." నవ్వబోయి మానేసింది. "నిన్న రక్తం పరీక్ష చేస్తుండగా వచ్చింది ఆ మెయిలు. మీ అమ్మగారికి అభినందనలు అని. చేతిలో గొట్టం జారిపోయింది."

ఆయన తప్పైపోయిందన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఇప్పుడే ఆ ఖాతా మూసేస్తానని, పాపం ఆ టీచరమ్మను ఇన్నాళ్లు మోసం చేయడం ఏం బాగుందని, మనిషి పోయాక ఇలా పట్టుకు వేలాడితే ఆయన ఆరోగ్యం కూడా పాడవుతుందని వరసపెట్టి అంది. లాప్‌టాప్ కోసం చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులూ దాని మీద వేశాడు. పెళ్లయి పదేళ్లైన కూతురి దగ్గర చిన్నపిల్లాడిలా అడ్డుపడ్డందుకు ఆయనకే సిగ్గేసింది.

"మూసేస్తే అమ్మ కట్టిన కొలతల రిజిస్టరు పోతుంది. అది కాలేజీ వాళ్ల దగ్గరే ఉందట."

"పోనీ. ఆ చదువు వల్లే కదా ఇదంతా. చేర్పించింది నేను. తలనొప్పిగా ఉందే అంటే, తెర చూసి చూసి వచ్చింటుంది, కళ్లజోడు మార్చుకో అన్నాను. రోజూ ఆసుపత్రిలో ఉండే దాన్ని. ఒక్కరోజు రమ్మని తీసుకెళ్లలేకపోయాను."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఈ మూడు నెలల్లో ఎవరూ అనని మాట అది. ఆయన కూడా మెల్లగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేస్తాయని రోజూ కుర్చీ వదలని మనిషి.

"నాతోనూ అంది తల్లీ. కాసేపు పడుకో అన్నాను నేను. పడుకుంటే ఈ జాకెట్లు ఎవరు కుడతారు అంది. సరేనని పేపరు చదువుకున్నాను."

 తర్వాత ఆయన లాప్‌టాప్‌ని ఒళ్లోకి తెచ్చుకుని రిజిస్టరు తెరిచాడు. ఏదైనా చిన్న వ్యాపారానికి సమాచార పట్టిక కట్టమన్నది ఆ కోర్సులో చివరి పని. ఆవిడ నాలుగో పాఠంలోనే మొదలుపెట్టేసింది. ముప్పై తొమ్మిది వరసలు, ముప్పై తొమ్మిదిమంది కొలతలు. పేరు ఉండాల్సిన గడిలో "బ్యాంకు పక్కన పొడుగామె", "కోపిష్టి మాస్టారు", "కవలల్లో పుట్టుమచ్చ ఉన్నది" అని రాసింది. పేర్లు రాయాలి మేడమ్ అని టీచరు సరిదిద్దితే, ఒకే పేరు నలుగురికి ఉంటుందండీ, పొడుగామె మాత్రం ఒక్కతే అని ఆవిడ జవాబిచ్చింది. దాని కింద టీచరు రాసింది: "ఏ వరసకా వరస విడిగా గుర్తుపట్టేలా ఉండాలన్న పాఠం మీకు చెప్పనక్కర్లేదు."

కూతురు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

పన్నెండో వరస ఆయనది. "మా ఆయన. చొక్కా చెయ్యి పొట్టిదైనా చెప్పడు. అడక్కుండానే అర అంగుళం పెంచాలి." అది చదివినప్పుడల్లా ఆయన తనకు తెలియకుండానే మణికట్టు దగ్గర చొక్కా సర్దుకుంటాడు.

చివరి వరసలో "చిట్టి" అని ఉంది. కూతురి ముద్దుపేరు. కొలతల గడులన్నీ ఖాళీ. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పట్టిక మొత్తం రిపోర్టుగా బయటికి రాకుండా నియమం పెట్టింది ఆవిడే.

"ఏదో ఒక అంకె వేస్తే పోయేది కదా నాన్నా," అంది కూతురు.

ఆయన పక్క గడిలో ఆవిడ రాసింది చూపించాడు. "రమ్మన్నప్పుడల్లా తీరిక లేదంటుంది. అంచనాకు రాయకూడదు. వచ్చినప్పుడు తీసుకోవాలి."

ఆమె రెండుసార్లు చదివింది. కొత్త ల్యాబు కోటు కుడతాను, పది నిమిషాలు నిలబడవే అని తల్లి ఎన్నిసార్లు పిలిచిందో లెక్కలేదు. కొలతలు మెసేజ్ చేస్తానంది ఒకసారి. షాపులో కొనుక్కుంటాలే అంది ఇంకోసారి. డ్యూటీకి ఆలస్యమవుతోందని ఇప్పుడూ లేచింది. టేపు వైపు చూడలేకపోయింది.

గుమ్మంలో ఆగి, "టీచరుకి నిజం రాయి నాన్నా. నీకు రాయడం కష్టమైతే ఆదివారం వచ్చి నేను రాసిపెడతా," అని వెళ్లిపోయింది.

ఆయన ఆదివారం దాకా ఆగలేదు. ఆ పూటంతా కూర్చుని తనే రాశాడు. ఆవిడ ఎప్పుడు పోయిందో, ఆనాడు తన చేతివేళ్లు ఏం రాశాయో రాశాడు. ఎందుకు రాశాయో తనకే సరిగ్గా తెలియదనీ రాశాడు. శిక్ష ఏదైనా తనదే, ఆవిడ చేసిన నాలుగు పాఠాలూ కొట్టేయొద్దని వేడుకున్నాడు.

మూడో రోజు జవాబు వచ్చింది. ఐదు, ఆరు పాఠాలు రద్దయ్యాయి. మొదటి నాలుగూ ఆవిడే చేశారని కాలేజీ కాగితం పంపుతుంది. నెలాఖరుకు ఖాతా మూస్తారు, ఈలోపు రిపోర్టు తీసుకోవచ్చు. చివర టీచరు తన మాటగా రాసింది: "ఆవిడ పాఠానికి మూడు ప్రశ్నలు అడిగేవారు. ఈమధ్య ఒక్కటీ రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను, మళ్లీ అడగడానికి మొహమాటపడ్డాను. నా క్లాసులో ఆ ప్రశ్నల కోసం ఎదురుచూసేదాన్ని."

ఆదివారం పొద్దున్నే కూతురు వచ్చింది. చెప్పులు విప్పింది. ఫోను తీసి అవతల గదిలో పెట్టి, మేకుకున్న టేపు తీసుకొచ్చి ఆయన చేతికిచ్చింది. కిటికీ ఎదురుగా, కొలతలకు వచ్చినవాళ్లు నిలబడి నిలబడి అరిగిపోయిన నాపరాయి మీద నిలబడి చేతులు కాస్త ఎడంగా పెట్టింది.

ఆయన ఎన్నడూ ఎవరికీ కొలతలు తీయలేదు. ఆ గుమ్మంలో పేపరు చదువుతూ ముప్పై ఏళ్లు చూశాడంతే. భుజం నుంచి భుజానికి, భుజం నుంచి మణికట్టుకు. అంకె చెప్పి, వంగి ఆ గడిలో నొక్కి, మళ్లీ వచ్చేవాడు. బాణం ఆ రోజు ఎందుకో మాట విన్నది. నడుము దగ్గర టేపు చుట్టి బిగించబోయి ఆగాడు. చూపుడు వేలు టేపు కిందకు పోనిచ్చాడు.

"అదేంటి?" అంది కూతురు.

"మీ అమ్మ ఇలాగే పెట్టేది. ఊపిరాడాలి కదా అనేది."

ఆమె ఊపిరి పీల్చింది. ఆ వేలు మందాన టేపు నిండింది. వదిలినప్పుడు అది ఏడుపై వచ్చింది. ఆయన వేలు తీయలేదు.

కాసేపటికి ఆఖరి అంకె నొక్కాడు. ఇన్నాళ్లూ మొండికేసిన తెర ఏ అడ్డూ చెప్పకుండా కదిలింది. వరసలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. పొడుగామె, మాస్టారు, మా ఆయన, అన్నిటికన్నా కింద చిట్టి.

టేపు చుట్టి మేకుకు తగిలించబోతుంటే కూతురు రాయి దిగలేదు.

"అమ్మ రెండుసార్లు కొలిచేది నాన్నా," అంది.

మొదటి కొలత సరిగ్గానే ఉందని ఇద్దరికీ తెలుసు. ఆయన టేపు విప్పి మళ్లీ భుజం దగ్గర నుంచి మొదలుపెట్టాడు.