మోకాలి పట్టీల వాపసు

ఉదయం టిఫిన్లు ముగిశాయి. శారదమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కొడుకు హరికిషన్ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీకి వెళ్లాడు. కోడలు కల్పలత కూరగాయలకు వెళ్లింది. ఆమె తిరిగొచ్చేలోపు ఈ పని అయిపోవాలి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మోకాలి పట్టీలు చిన్నపిల్లల సైజువి వచ్చాయి. వాపసు ఎలా పంపాలో కోడలిని అడగడానికి మనసొప్పలేదు. కిందటి నెల ఫోన్‌లో డబ్బు చెల్లించే వాలెట్ వాడటం నేర్పుతూ, "ఎన్నిసార్లు చెప్పాలె, అత్తమ్మా?" అని కల్పలత విసుక్కుంది. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. అందుకే ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి తనే ఫోన్ చేసింది.

"కంగారు పడకండమ్మా, నేనున్నాగా," అన్నాడు అవతలి మనిషి. అతను చెప్పిన యాప్ వేసుకుంది. అడిగిన అంకెలు చెప్పింది. టింగుమని మెసేజ్ వచ్చింది. వాలెట్‌లోంచి తొమ్మిది వేలు పోయాయి.

శారదమ్మ ఆ మెసేజ్ మళ్లీ చదివింది. "అయ్యో బాబూ, పైసలు కట్ అయినయి!"

"అది వెరిఫికేషన్ అమ్మా. రిఫండ్‌తో కలిసి వస్తుంది. ఫోన్ పెట్టేశారో, మొత్తం పోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకండి. ఇప్పుడు బ్యాంకు పిన్ కొట్టండి."

ఆ ఖాతాలోనే మనవరాలి కాలేజీ ఫీజు ఉంది. మొదటి అంకె నొక్కబోయింది. తలుపు తెరుచుకుంది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్, అత్తమ్మా? గిదేందీ, స్క్రీన్ దానంతటదే జరుగుతున్నది?"

శారదమ్మ ఫోన్‌ను గుండెకు హత్తుకుని గోడవైపు జరిగింది. "దగ్గరికి రాకు! కట్ చేస్తే అంతా పోతదట!"

"ఎవడు చెప్పిండు?"

"కంపెనీ ఆయన!"

"వాడు దొంగ! ఆ యాప్‌తోని నీ ఫోన్ వాడే నడుపుతున్నడు! ఇటియ్యి!"

"నువ్వు తిడ్తవ్! ఆయన ఒక్కసారి సుత తిట్టలే!"

కల్పలత చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అమ్మా, తొందరగా," అంటోంది ఫోన్‌లో గొంతు.

"నేను తిట్ట, అత్తమ్మా," అంది కల్పలత. "జెర నా దిక్కు చూడు. నాకు సుత భయమైతున్నది."

శారదమ్మ చూసింది. కోడలి కళ్లనిండా నీళ్లు. పెదవులు అదురుతున్నాయి. ఫోన్ ఆమె చేతిలో పెట్టేసింది.

కల్పలత దాన్ని వెంటనే స్విచ్ఛాఫ్ చేసి, తన ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఖాతా ఆపేశారు. ఫీజు భద్రంగానే ఉంది. తొమ్మిది వేలు దొరుకుతాయో లేదో చెప్పలేమన్నారు.

"హరికి ఏమని చెప్పాలె? నా చేతులతోనే ఇచ్చుకుంటి," అంటూ శారదమ్మ నేలమీద కూలబడింది.

కల్పలత పక్కనే కూర్చుంది. "ఇద్దరం కలిసి చెప్దాం. వాడు మెత్తగ మాట్లాడిండు, నువ్వు నమ్మినవ్. నేను మెత్తగ మాట్లాడి ఉంటే నన్నే అడుగుదువు."

ఇద్దరికీ ఏడుపు ఆగలేదు. అంతలో కల్పలత ఫోన్ మోగింది. కొత్త నంబర్. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. శారదమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎత్తాల్నా, వద్దా బిడ్డా? నాకు తెలుస్తలేదు."

తెలియదని చెప్పడానికి ఈసారి ఆమెకు భయం వేయలేదు.