జవాబు పెట్టినప్పుడల్లా

కామారెడ్డిలో పీజీలో చేరిననాడు భూమేశ్ చేతిలో ఉన్నవి రెండే: ఒక టచ్ ఫోను, దానితో తనకు రాని పని లేదన్న ధీమా. 2013లో క్లాసులో సగం మందికి ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఇచ్చింది అతనే.

ఎల్లారెడ్డి నుంచి వచ్చే బస్సులో ఆ ధీమాను మొదట ఎగతాళి చేసింది అదే క్లాసులో చదివే దేవ్లి. లింగంపేట దాటాక ఒక తండా దగ్గర ఎక్కేది.

"కండక్టర్ గంత సేపటి సంది పిలుస్తుండు. చెవులు గూడ ఫోన్లనే పెట్టినవా?"

బస్సంతా నవ్వింది. కోపం రావాల్సిన చోట భూమేశ్‌కు ఇష్టం పుట్టింది. తండా వస్తే చాలు, వానలో తడుస్తూ కూడా కిటికీ తెరిచి చూసేవాడు. ఆమెకూ ఖాతా తెరిచి ఇచ్చాడు. ఒకనాడు మనసులో మాట చెప్పాడు. దేవ్లి కిటికీలోంచి వానను చూస్తూనే అంది.

"మా తండాల పీజీ దాక వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. చదువు కానియ్యి. అటెన్క మా బాపును అడుగు."

డిసెంబరులో ఎవడో దొంగ పేరుతో ఫేస్‌బుక్‌లో ఆమె ఫోటో పెట్టి, కింద పాడు మాటలు రాశాడు.

"ఊకో. పది మంది గూడ చూడలే. రెండు దినాలైతే కిందికి పోతది" అంది దేవ్లి.

"నాకే నేర్పుతున్నవా? వాని సంగతి నేను చూస్త."

భూమేశ్ జవాబు రాశాడు. వాడు మరొకటి రాశాడు. సాయానికి రమ్మని భూమేశ్ క్లాసు వాళ్లందరి పేర్లూ అక్కడ జోడించాడు. దాంతో ఆ ఫోటో వాళ్ల స్నేహితులకూ కనబడింది. జవాబు పడినప్పుడల్లా, కిందికి జారుతున్న ఫోటో మళ్లీ అందరి కళ్ల ముందుకు వచ్చేది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. గెలుస్తున్నాననే అనుకున్నాడు.

ఆ ఫోటో బొంబాయిలో కూలికున్న ఆమె అన్న బాబూలాల్ ఫోనుకూ చేరింది. అతను వచ్చి చదువు మాన్పించాడు.

సర్టిఫికెట్లు తీసుకోవడానికి అన్నతో వచ్చిన దేవ్లి, కాలేజీ గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగింది.

"నీ కోసమే గదా కొట్లాడిన" అన్నాడు భూమేశ్.

"వాడు ఒక్కపారే పెట్టిండు. మళ్ల మళ్ల పెట్టింది నువ్వు. వద్దంటే విన్నవా?"

ఆమె గొంతు పెంచలేదు. అన్న వెనకే వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో ఆ దొంగ ఖాతా మూతపడింది. క్లాసు వాళ్లు భూమేశ్ భుజం తట్టారు. చేతికి వచ్చింది ఆ గెలుపొక్కటే. దానికి బదులుగా పోయిన చదువు మాత్రం అతనిది కాదు.