తలపాగా పూచీ

కార్తికం గడిచిపోయినా కందువాడ దుర్గం చుట్టూ దిగిన శత్రువుల గుడారాలు తరగలేదు. కొండ దిగువన కోతకు రావలసిన చేలన్నీ గుర్రాల గిట్టల కింద నలిగిపోగా, వాగుకు ఆవల పల్లెల మీదుగా లేచిన పొగ పగలంతా ఆకాశంలో నిలిచివుండగా, బురుజుల మీద భేరి మోగించవలసిన వాళ్లు కూడా చేతులు వాల్చి ఆ పొగవంక చూస్తూ కూర్చున్నారు. గోడ పొడవు చాలా ఎక్కువ, దానిమీద నిలబడే మనుషులు చాలా తక్కువ. విడ్డూరమేమిటంటే, ఆ గోడ కిందనే వున్న రాతి చెరసాలలో కత్తి పట్టగల మగవాళ్లు కిక్కిరిసి వున్నారు. వాళ్లలో నేరం రుజువైనవాడు ఒక్కడూ లేడు. అందరూ విచారణ కోసం కూర్చున్నవాళ్లే. యుద్ధం పేరు చెప్పి ధర్మాసనం కొలువు తీరడం మానేసింది గనుక ఇంకా కూర్చునే వున్నారు.

పూర్వం ఆ రాజ్యంలో ఇలా వుండేది కాదు. నింద పడినవాణ్ని విచారణదాకా ఇంటికి పంపడానికి ఒక ఆచారం వుండేది. పరువుగల మనిషి ఎవరైనా వచ్చి ధర్మాసనం మెట్టుమీద తన తలపాగా తీసిపెట్టి, వీడికి నేను పూచీ అంటే చాలు. వాడు తిరిగివచ్చేవరకు పూచీపడ్డవాడు తలమీద గుడ్డగాని శిరస్త్రాణంగాని పెట్టరాదు. వాడు వస్తే, తలపాగా పుచ్చుకున్న అధికారి తన చేతులతోనే దాన్ని తిరిగి చుట్టాలి. రాకపోతే వాడి బదులు ఇతడు చెరసాలకు పోవాలి.

ఆ ఆచారాన్ని రద్దుచేసినవాడు మహామంత్రి సూరనామాత్యుడు. అతణ్ని దుర్మార్గుడని జనం తిట్టుకునేవారు. తిట్టడం తేలిక. సేనాపతి అక్కిన నాయకుడు ఒకప్పుడు తలపాగా పెట్టి విడిపించిన దొంగ ఒకడు పారిపోయాడు. సూరన ఒక్కగానొక్క కొడుకు వాణ్ని వెంటాడుతూ వెళ్లి వాగు ఒడ్డున వాడి బరిసెకు బలైపోయాడు. అక్కిన నోరెత్తకుండా ఏడాదిపాటు చెరలో కూర్చుని బయటికి వచ్చాడు. సూరన కొడుకు మాత్రం రాలేదు. అప్పుడు శాసనం మారింది. విడుదల కావలసినవాడు బంగారం కట్టాలి. బంగారం వున్నవాళ్లు ఇళ్లకు వెళ్లారు, వాళ్లలో నిజంగా గొంతులు కోసినవాళ్లూ వున్నారు. లేనివాళ్లు గోడకింద మగ్గిపోయారు. గొర్రెలకాపరి ఐతన అలాంటివాడే. శత్రువుల వేగులకు దారి చూపాడని ఎవరో అంటే పట్టుకొచ్చారు. రెండు వానాకాలాలు గడిచినా అది నిజమా అని అడిగిన నాథుడు లేడు.

తూర్పుగోడ బీటవారిన రోజున బయ్యరాజు కొలువు తీర్చాడు. అక్కిన నాయకుడు లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, గోడకు రాయి పెట్టించగలను. ఆ రాతివెనుక నిలబడడానికి మనుషులు లేరు. చెరసాలలోని వారిని నాకిప్పించండి. పోరు ముగిసిన సాయంకాలం వారినందరినీ మళ్లీ ఆ తలుపు ముందు నిలబెడతాను. వారికి నేను పూచీ."

సూరన నెమ్మదిగా లేచాడు. "నాయకా, నీ తలపాగా విలువ ఈ సభలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దాన్ని నమ్మినందుకు నా కొడుకు చితికి నేను నిప్పు పెట్టాను. తలుపు తీసిన మరుక్షణం వీళ్లు ఎవరి పల్లెకు వారు పోతారు. అప్పుడు నిన్నొక్కణ్ని చెరలో పెట్టుకుని ప్రభువులు కోటను ఎలా నిలుపుకోవాలి?"

అక్కిన అప్పటికే బాగా అలసిపోయి వున్నాడు. మంత్రి కళ్లలోకి చూడలేక మెట్లవంక చూస్తూ మాట్లాడాడు. "అమాత్యా, మీకు బదులు చెప్పే ముఖం నాకు లేదు. ఆనాడు ఒకడు పారిపోయాడు. వాడి పాపాన్ని ఇంతమంది మోస్తున్నారు. నాకున్నది ఈ తలపాగా ఒక్కటే."

రాజు ఒప్పుకున్నాడు. ధర్మం తెలిసి కాదు, వేరే దారి లేక. అక్కిన తలపాగాను మెట్టుమీద నుంచి తీసుకోవలసిన పని సూరనకే పడింది.

చెరసాల తలుపు దగ్గర సేనాపతి వాళ్లకు తన మాట ఎలాంటిదో వివరించాడు. అంతా విన్నాక ఐతన అడిగాడు. "పోరులో చచ్చిపోతే ఎట్లా దొరా?"

"బతికినవాడు చచ్చినవాణ్ని మోసుకురావాలి. అందరినీ తెస్తానన్నాను."

ఆ పగలంతా, ఎండ మొహం చూసి ఎంతకాలమైందో మరచిపోయిన ఆ మనుషులు, సరైన కవచాలు లేక, కొందరు సరైన కత్తులు కూడా లేక, బీటవారిన గోడను తమ ఒళ్లతోనే పూడ్చినట్టు నిలబడి పోరాడారు. శిరస్త్రాణం పెట్టుకొమ్మని దళపతులు బతిమాలినా అక్కిన వినలేదు. మధ్యాహ్నం దాటాక శత్రువులు వెనక్కు తగ్గారు. తరుముకుంటూ కందకందాకా దిగిన అక్కిన తిరిగి గోడ ఎక్కడం ఎవరూ చూడలేదు.

సాయంకాలం సూరన ఆ తలపాగాను ఒళ్లో పెట్టుకుని చెరసాల ముందు కూర్చున్నాడు. వాళ్లు రాకూడదనే అతడు కోరుకున్నాడు. రాకపోతే తన శాసనం సరైనదని తేలిపోతుంది, కొడుకు చావుకు ఒక అర్థమైనా దొరుకుతుంది. కాని వాళ్లు వచ్చారు. కుంటుతూ, ఒకరినొకరు ఆనుకుంటూ, చనిపోయినవాళ్లను భుజాన వేసుకుంటూ వచ్చారు. ముఖముఖమూ ఎరిగిన చెరసాల కాపరి చివరికి తల ఎత్తి, గొర్రెలవాడు ఒక్కడే రాలేదన్నాడు. గెలిచానని అనుకోబోయిన సూరనకు ఆ గెలుపు ఎందుకో రుచించలేదు.

దీపాలు పెట్టేవేళకు ఐతన వచ్చాడు. అతని భుజంమీద అక్కిన నాయకుడి శవం వుంది. నుదుట వడిసెల రాయి తగిలిన చోట నెత్తురు ఎండిపోయి వుంది.

"కందకం దాటితే మా పల్లె కనబడతావుంది అయ్యగారూ," అన్నాడు ఐతన శవాన్ని దించుతూ. "నా పెళ్లాం బతికుందో లేదో చూసుకుందామనుకున్నా. దాటినాను కూడా. ఎనక్కి తిరిగి చూస్తే దొర ఉత్త తలతో పడున్నాడు. అట్టా వదిలిపెట్టి పోబుద్ధి కాలేదు."

ఆ మాట చెప్పి, ఎవరూ తోయకుండానే తలవంచి చెరసాల గుమ్మంలోకి నడిచాడు.

సూరన నేలమీద కూర్చుని, ఆచారం ప్రకారం, తన చేతులతో అక్కినకు తలపాగా చుట్టాడు. మడతలు జారిపోయాయి. విప్పి మళ్లీ చుట్టాడు. తరువాత లేచి ఐతనను ఆగమన్నాడు. తన తలపాగా తీసి చెరసాల గడపమీద పెట్టాడు.

"మీ పల్లెకు వెళ్లు నాయనా. కబురు పంపిన రోజున విచారణకు రా. నేను పూచీ."

ఐతన వంగి దండం పెట్టి, వాగు వైపు నడిచాడు. రాజ్యాన్ని ఏలిన మహామంత్రి ఉత్త తలతో, జనం చూస్తుండగా, వీధివెంట ఇంటికి వెళ్లాడు.