చివరి మంచం దగ్గరికొచ్చే డాక్టరు

ఇంటర్న్ డాక్టరు సోహెల్‌కు ఒక మంచి గుణం ఉంది: డ్యూటీలో కన్ను మూయడు. వరంగల్‌లోని ఆ దవాఖానలో ఈ సంగతి గోడలక్కూడా తెలుసు — ఆయనే చెప్పుకున్నాడు కాబట్టి.

అక్కడి ఆడవాళ్ల వార్డులో చివరి మంచానికి మాత్రం చెడ్డపేరు. దాని పక్కనే తాళం వేసిన తలుపు, తలుపవతల మూతపడ్డ పాత వార్డు. ఎప్పుడో ఒక కుర్ర డాక్టరు డ్యూటీ మీద డ్యూటీ చేసి అక్కడి కుర్చీలో కూలబడ్డాడట. మళ్లీ లేవలేదట… రౌండ్లు మాత్రం మానలేదట.

ఆ తలుపును ఆనుకునే ఇంటర్న్‌ల బల్ల. సోహెల్ అక్కడే కూర్చుని ఈ కథ విని నవ్వేవాడు — ఆ చివరి మంచం మీదికి లాల్‌బీ వచ్చేదాకా.

లాల్‌బీది రఘునాథపల్లి. కాలికి పుండు, కళ్ల మీద పొర. ఆ పొద్దున సోహెల్ రక్తం తీయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నువ్వొద్దు బిడ్డా. కసురుతవ్, గుచ్చుతవ్. రాత్రొచ్చే డాక్టర్‌సాబును పిలువు. మెల్లగ నాడి పడ్తడు. ‘పండుకో అమ్మా, నేనున్న’ అంటడు.”

“ఏ డాక్టరు?”

“ఆ తలుపు దిక్కెల్లి వస్తడు…” ముసలమ్మ గొంతు తగ్గించింది. “చేతులు మంచుగడ్డలు.”

వార్డంతా గుప్పుమంది. పెద్దసారు రాజేశ్వర్ రావు రౌండ్స్‌లో ఈ మాట విని, “ఆ పిల్లగాడెవడో తేలనీ. ఈ ఏడు బెస్ట్ ఇంటర్న్ వాడే” అన్నారు.

సోహెల్ భగ్గుమన్నాడు. ఆ పేరు కోసమే కదా ఈద్‌కు కూడా ఇంటికి పోలేదు! అడిగినవాడికల్లా లేదనకుండా వాళ్ల డ్యూటీలు నెత్తినేసుకున్నాడు! ఆ పొద్దున్నే ఇంజెక్షన్ బుడ్డి విరుస్తుంటే చెయ్యి జారి కుడిచేతి వేలు తెగింది. గుట్టుగా పట్టీ చుట్టుకున్నాడు.

ముందు తోటి ఇంటర్న్ రాకేష్ మీద పడ్డాడు. “రాత్రిపూట దొంగలెక్క వచ్చి పేరు కొట్టేస్తున్నవా?”

“నేనా? డ్యూటీ దిగితే పీనుగునే భాయ్. మోసుకపోయినా తెల్వది.”

రాకేష్ కాకపోతే… ఇక దెయ్యమే. చచ్చి కూడా తనకంటే ఎక్కువ డ్యూటీ చేస్తున్నవాడు! ఇంకొకరైతే భయపడేవాళ్లు. సోహెల్ కుళ్లుకున్నాడు.

ఆ రాత్రి లాల్‌బీ మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. పక్క వార్డుకు పోతూ సరోజన సిస్టర్ ఆగింది.

“జర పండుకో సోహెల్. అద్దంల మొఖం సూస్కున్నవా?”

“నేను డ్యూటీలో పండుకోను సిస్టర్.”

లైట్లు తగ్గించారు. చూపు తాళం మీదే నిలిపాడు. ఫ్యాను కిర్రుమంటోంది… ఎవరో దగ్గారు… కాసేపటికి ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది.

చీకట్లో — గుసగుస.

“పండుకో అమ్మా… నేనున్న.”

సోహెల్ ఒళ్లు ఝల్లుమంది. ఇంత దగ్గరగా! లాల్‌బీ మణికట్టు మీద ఒక చెయ్యి. మూడు వేళ్లు నాడి చూస్తున్నాయి — ఓపిగ్గా, తనకెన్నడూ లేనంత ఓపిగ్గా. అంత భయంలోనూ ఒళ్లు మండింది. లటుక్కున ఆ చేతిని ఒడిసిపట్టాడు.

మంచు.

“దొరికిండు! సిస్టర్, లైటెయ్!”

సరోజన పరుగున వచ్చి స్విచ్చేసింది… అలాగే నిలబడిపోయింది.

స్టూలు ఖాళీ. సోహెల్ నిలబడి ఉన్నాడు. అతని ఎడమచెయ్యి ‘దొంగ’ చేతిని ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. పట్టుబడ్డ ఆ చేతి వేలికి పట్టీ — పొద్దున తను చుట్టుకున్నదే.

“నిద్రలనా…?” గొణిగాడు.

“నిద్రలనే. మేలుకుంటే నీకు గంత నెమ్మది యాడిది?” అంది సరోజన. తర్వాత మెత్తబడింది. “పొద్దున సారుకు చెప్పు. పేరొస్తది, నాల్రోజులు రెస్టూ ఇస్తడు.”

తెల్లారి రౌండ్స్‌లో పెద్దసారు అడగనే అడిగారు. “తేలిందా, ఎవరా డాక్టరు?”

సరోజన సోహెల్ వైపు చూసింది. లాల్‌బీ అతని పట్టీ వేలిని తడుముతూ ఎదురుచూసింది. ఒక్క మాట చెప్తే పేరు తనదే. కానీ ఆ మాట చెప్పాలంటే కన్ను మూసినట్టు చెప్పాలి. ఒళ్లు అలిసి, తెలివి తప్పి నడుస్తోందని చెప్పాలి.

“దెయ్యమే సార్,” అన్నాడు సోహెల్. “నా కండ్లతోని చూసిన.”

సారు నవ్వారు. దెయ్యం పేరు రాయలేక, బెస్ట్ ఇంటర్న్‌గా రాకేష్ పేరు రాశారు. ఆ రాత్రి డ్యూటీకి మళ్లీ సోహెలే వచ్చాడు.

కుట్లు వేయడం వచ్చింది సోహెల్‌కు, కాన్పు చేయడం వచ్చింది. “నాతోని అయితలేదు సార్” అనడం మాత్రం ఇంకా రాలేదు.