ప్రేమలత కనుక్కున్న మందు

రాత్రే ఊరికి వచ్చిన ప్రేమలత పొద్దున్నే వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతుండగా మేనత్త భీమమ్మ వచ్చింది. పాన్‌గల్‌లో ఆమె ఇల్లు ఆ పక్క సందులోనే. ఆ కాస్త దూరానికే ఆయాసపడి, అరుగు మీద కూలబడి దగ్గసాగింది.

"తెచ్చినవా బిడ్డా?" అని అడిగింది.

ఏం తేవాలో ప్రేమలతకు అర్థం కాలేదు. భీమమ్మ క్షయకు మేనకోడలు కొత్త మందు కనుక్కుందని ఆమె తమ్ముడు, అంటే ప్రేమలత తండ్రి దేవదాసు, చెప్పాడట. దవాఖాన మాత్రలకు కడుపులో తిప్పుతోందని, మన పిల్ల మందే వస్తుంటే అవెందుకని, కిందటి నెలే మానేసిందట.

హైదరాబాదులో ప్రేమలత పరిశోధన చేస్తోంది. మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా ఎంజైమును కొద్దిగా మార్చి, స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌రేలతో దాని ఆకారం తెలుసుకుంది. ఏళ్ల శ్రమ అది. కానీ మందు కాదు.

తండ్రి పాలు పట్టుకుని రాగానే విరుచుకుపడింది. తెలియనివి ఎందుకు చెప్పావని, అత్త ప్రాణం మీదికి తెచ్చావని నిలదీసింది. దేవదాసు బిత్తరపోయి పాలు కింద పెట్టాడు.

పొయ్యి దగ్గర నుంచి తల్లి లలితమ్మ లేచి వచ్చింది.

"ఆయననేమంటవు? క్షయకు మందు దొరికిందా బిడ్డా అని ఫోన్ల అడిగిండు. దొరికింది నాయినా అన్నది నువ్వే. నేను పక్కనే ఉన్న."

నిజమే. ఇన్నేళ్లు చదివి ఏం సాధించిందని ఊళ్లో అడుగుతున్నారని ఆయన చెబితే, ఉత్త ఆకారమని చెప్పడం చిన్నతనం అనిపించింది. చెప్పినా ఈయనకేం తెలుస్తుందిలే అనుకుంది. అలా అనుకున్నందుకే ఇప్పుడు తలెత్తలేకపోయింది.

తండ్రీకూతుళ్లు భీమమ్మను దవాఖానకు తీసుకెళ్లారు. కఫం పరీక్షకు రాసి, మాత్రలు మళ్లీ మొదటి నుంచి వాడాలన్నారు. ఎందుకు మానిందని నర్సు గద్దిస్తే, తప్పు తనదేనని దేవదాసు చెప్పబోయాడు. ప్రేమలత అడ్డుపడింది.

"నాది. నేను అబద్ధమాడిన. నేను మందు కనిపెట్టలే అత్తా."

భీమమ్మ ఆమె వైపు తిరిగింది. "మరి ఇన్నొద్దులు ఏం చేసినవే?"

"కంటికి కనవడనంత చిన్నదాని ఆకారం చూసిన. అంతకుముందు దాన్ని ఎవరూ చూడలే. గంతే."

దేవదాసు నెమ్మదిగా అన్నాడు. "గదే చెప్పకపోతివా బిడ్డా. ఊర్ల గదే చెప్పుకుంటుంటి."

ప్రేమలత ఆయన ముఖం చూడలేక, అత్త చేతికి నీళ్ల గ్లాసు అందిస్తూ ఏడ్చేసింది. భీమమ్మ మాత్రలు మింగి, కొంగుతో కోడలి కళ్లు తుడిచింది.