ఇరవై నాలుగు గంటల వేడి

ఆమె నన్ను మొదటిసారి చూసే సమయానికి నేను నాలుగంతస్తుల పైకప్పు మీద ఒక ఇనప డబ్బాలోకి తల దూర్చి ఉన్నాను. అంటే ఆమెకు నాలో ముందుగా కనిపించింది నా ప్యాంటు వెనకభాగం. శుభమా అని మా పరిచయం అలా మొదలైంది.

“ఈ ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది” అన్న మాట వినిపించి తల బయటికి తీశాను.

భుజానికి మీటర్ల సంచి, చేతిలో ఫైలు, తలకు పసుపు హెల్మెట్. మనిషి నా భుజం దాకా కూడా రాదు. తొమ్మిదేళ్ళుగా వైరింగ్ చేస్తున్నానని చెప్పాను. ఫ్యాన్ తిరుగుతోంది కదా, గాలి వస్తోంది కదా, ఇంకేం కావాలని అడిగాను. ఆమె ఫైల్లోంచి ఒక తెల్లకాగితం తీసి ఫ్యాన్ మీది జాలీ దగ్గర వదిలింది. పైకి ఎగరాల్సిన కాగితం జాలీకి అతుక్కుపోయింది.

“మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. ఫ్యాన్ కాబట్టి బతికిపోయింది. కంప్రెసర్ ఇలా వెనక్కి తిరిగితే కాసేపట్లో పాడైపోతుంది. ఆ రెండు వైర్లూ మార్చండి వైర్‌మన్ గారూ.”

ఆ ‘గారూ’ చెంప మీద కొట్టినట్టు తగిలింది. మెయిన్ ఆపి మార్చాను. ఈసారి కాగితం ఎగిరి పిట్టగోడ దాటి వీధిలో పడింది. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం వచ్చేది. నవ్వకపోవడంతో సిగ్గేసింది.

అది దుకాణాలూ ఆఫీసులూ రాబోతున్న కొత్త భవనం. లోపలికి ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి పంపడానికి పైకప్పు మీద తొమ్మిది యూనిట్లు పెట్టారు. కంపెనీవాళ్ళు వాటిని ఏమని పిలిచినా మేం డబ్బాలనే అంటాం. వాటికి వైరింగ్ చేయడం నా పని. నా పైన ఒక మేస్త్రి ఉన్నాడు, సైట్లో అందరం ఆయన్ని బాబాయ్ అంటాం. వైరింగ్ సరిగా ఉందో లేదో చూసి, డబ్బాను మొదటిసారి నడిపించి, ఫరవాలేదని సంతకం పెట్టడానికి కంపెనీ పంపిన మనిషి ఆమె. స్టార్టప్ మేడం అనేవాళ్ళం.

ఆ రోజే రెండో గొడవ. కంప్రెసర్ కింద హీటర్ ఎప్పుడు ఆన్ చేశారని అడిగింది. పొద్దున్నే అన్నాను. అయితే రేపు పొద్దున వస్తానని ఫైలు మూసేసింది. స్విచ్ నొక్కడానికి మర్నాటిదాకా ఎందుకని నేను లేచాను. అప్పుడు ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. డబ్బా చల్లగా పడి ఉంటే లోపలి గ్యాస్ ద్రవంగా మారి ఆ నూనెలో చేరుతుంది. అందుకే అడుగున హీటర్ బెల్టు చుట్టి ఉంటుంది. కంప్రెసర్‌ని తిరగనివ్వకుండా, కరెంటు మాత్రం ఇచ్చి, ఆ హీటర్‌ని ఇరవై నాలుగు గంటలు నడవనిస్తే ద్రవం ఆవిరై నూనెను వదిలేస్తుంది. ఈలోగా తొందరపడి స్టార్ట్ చేస్తే ఆ ద్రవం లోపలికి దూకి కంప్రెసర్‌ని ముక్కలు చేస్తుంది. మధ్యలో గంటల తరబడి కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ప్యానెల్ తలుపు లోపలివైపు ఒక చార్ట్ అంటించి, ఏ డబ్బాకు ఏ గంటకు కరెంటు ఇచ్చానో, మధ్యలో పోయిందో లేదో రాసి సంతకం పెట్టమంది.

“రాత్రంతా నేనిక్కడ కాపలా కూర్చోలేను కదా. మీ సంతకమే నాకు సాక్ష్యం” అంది.

అప్పట్నించీ రోజుకో డబ్బా. నేను ఇవాళ వైరింగ్ ముగించి కరెంటు ఇస్తే, రేపు పదకొండింటికి ఆమె వచ్చి నడిపించేది. రెండో డబ్బా దగ్గర నా చేతిరాత చూసి, చార్ట్ మీద కోడి నడిచిందా అని అడిగింది. మూడో డబ్బా దగ్గర నేను బిగించిన వైర్లన్నీ లాగి చూసి, ఒక్కటీ ఊడకపోతే ముఖం చిన్నబుచ్చుకుంది. తప్పు దొరకలేదని అంత బాధపడే మనిషిని నేనెక్కడా చూడలేదు. నాలుగో డబ్బా రోజు వాన వచ్చింది. ప్యానెల్ మీద వేసిన రేకు కింద ఇద్దరికి చోటు చాలదు. అయినా నిలబడ్డాం. నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిశాయి. మిగతా రెండు భుజాల సంగతి నేను చెప్పను.

ఆ వానలోనే తన సంగతి చెప్పింది. రెండేళ్ళు సీనియర్ల వెనక మీటర్ల సంచి మోసిందట. వాళ్ళు ‘పాపా’ అని పిలిచి టీ తెమ్మనేవాళ్ళట. ఒంటరిగా పంపడం ఇదే మొదలు. తొమ్మిదీ ఏ మచ్చా లేకుండా స్టార్ట్ అయితే తన సంతకంతోనే యూనిట్లు నడిపించే అనుమతి వస్తుంది. ఇక ఎవరి సంచీ మోయనక్కర్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వింది. నేను పోయింది అక్కడే.

ఇంట్లో నేనూ అక్కా ఉంటాం. అక్క యూనిఫాంలు కుడుతుంది. ఆమె మిషను, నా లైసెన్సు, ఈ రెండింటి మీదే మా పొయ్యి వెలుగుతుంది. “ఏరా, రోజూ గడ్డం గీస్తున్నావు. ఆ పైకప్పు మీద కాకులు నిన్ను చూసుకోవడానికి వస్తున్నాయా?” అని అడిగింది. నేను చెప్పులు వేసుకుని బయటపడ్డాను. అక్కకు అర్థమైపోయింది.

ఇక నా ఘనకార్యం. ఆరో డబ్బాకు పొద్దున కరెంటు ఇచ్చి, సాయంత్రం ఇంటికి పోతూ దానికి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ కిందికి దించేశాను. మర్నాడు ఆమె వచ్చేలోపు ఆన్ చేసి, రాత్రి దానంతటదే పడిపోయి ట్రిప్ అయినట్టుందని చెప్పాను. ఆమె చార్ట్ చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని కంప్రెసర్ అడుగున అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. “అయితే రేపు” అంది. నాకు ఒక రోజు దక్కింది. ఎనిమిదో డబ్బాకూ అదే చేశాను. యంత్రానికి అపకారం లేదు, మనిషికి నష్టం లేదు, ఒక్క రోజు ఆలస్యమేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదోది ఆఖరిది. అది స్టార్ట్ అయితే ఆమె ఇక రాదు. చార్ట్ మీద ఎప్పట్లాగే గంట వేసి సంతకం పెట్టాను, సాయంత్రం ఎప్పట్లాగే ఎంసీబీ దించాను. మర్నాడు ఆ దొరికిన రోజున నా మనసులో మాట చెప్పేయాలనుకున్నాను. అందుకని పొద్దున్నే క్షవరానికి వెళ్ళాను. నా ముందు నలుగురున్నారు. ఆమె వచ్చేది పదకొండింటికి కదా అని తాపీగా కూర్చున్నాను.

ఆ రోజు మబ్బు పట్టడంతో, వాన రాకముందే ముగిద్దామని ఆమె గంట ముందే వచ్చింది. అంతకుముందు ఏడింటికి బాబాయ్ పైకి వెళ్ళి, ఎంసీబీ దిగి ఉండటం చూశాడు. మళ్ళీ ట్రిప్ అయిందనుకుని పైకెత్తాడు. మేడం చేతిలో నేను తిట్లు తినకూడదని ఎవరికీ చెప్పలేదు. చార్ట్ మీద నా సంతకం ఉంది. ఆ సంతకం ప్రకారం ఇరవై నాలుగు గంటలు నిండాయి. నిజానికి మూడు గంటలే.

నేను మెట్లెక్కుతుండగా ఆ చప్పుడు వినిపించింది. ఇనప పీపాలో గుండ్రాళ్ళు పోసి ఊపినట్టు. తర్వాత ఏ చప్పుడూ లేదు. పైకి వెళ్ళేసరికి ఆమె డబ్బా ముందు నిలబడి ఉంది. మీటరు చేతిలోనే ఉంది. కాలిన నూనె వాసన. బాబాయ్ నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను.

“అన్నీ చూసుకునే స్టార్ట్ చేశాను” అంది ఆమె, ఎవరూ అడక్కుండానే.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే నా లైసెన్సు పోతుంది. అంతకన్నా ముందు ఆమె పోతుంది. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు, మూడో రోజూ చెప్పలేదు. ఈలోగా కంపెనీ ఆమె చేత పని ఆపించింది. సరిచూసుకోకుండా స్టార్ట్ చేసిందని విచారణ పెట్టింది. పైకప్పు మీద ఎనిమిది డబ్బాలు చక్కగా నడుస్తున్నాయి. వాటి మధ్య నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను.

మూడో రోజు సాయంత్రం అక్క ముందు బయటపడ్డాను. అక్క మిషను ఆపింది.

“ఆ పిల్ల నోటికాడి కూడు లాగేశావు కదరా” అంది. లైసెన్సు పోతే ఇల్లు ఎలా గడుస్తుందని నేనే అడిగాను. తను కుట్టడం మానలేదు కదా అంది. “రేపు ముందు ఆ అమ్మాయికి చెప్పు, తర్వాత వాళ్ళకు చెప్పు. అంతా విన్నాక కూడా నీతో మాట్లాడిందనుకో, ఇంటికి తీసుకురా. నేను ఎదురుచూస్తుంటాను.”

విచారణ రోజు పొద్దున, భవనం ఎదుటి బస్టాప్‌లో ఆమె దిగేదాకా నిలబడ్డాను. సంచి లేకుండా ఆమె ఇంకా చిన్నగా కనిపించింది.

“తొమ్మిదోదానికి కరెంటు ఆపింది నేను. బాబాయ్ పొద్దున ఆన్ చేశాడు. ఆరోదానికీ, ఎనిమిదోదానికీ ఆపింది కూడా నేనే. మీరు ఇంకో రోజు వస్తారని.”

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“ఆరోదీ ఎనిమిదోదీ నాకు తెలుసు” అంది. “ఎంసీబీ ట్రిప్ అయితే ఏ వైర్‌మనైనా ముందు ఎందుకైందో వెతుకుతాడు. మీరు వెతకలేదు. నవ్వుతూ చెప్పారు.”

రోడ్డు మీద బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె వాటినే చూస్తూ మాట్లాడింది.

“తొమ్మిదోదాని రోజు నువ్వు లేవు. చార్ట్ చూశాను, సంతకం ఉంది. అయినా అడుగున చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. అంటే ఈసారి ఆపలేదు, ఇక నేను రానక్కర్లేదనుకున్నావు అనుకున్నాను. ఏడుపొచ్చింది. వేడి ఎంత ఉందో మీటరు పెట్టి కొలవాల్సింది. కొలవకుండా స్టార్ట్ చేశాను.”

ఆమె నన్ను ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. ఆ పిలుపు కోసం ఎన్ని రోజులు దొంగిలించానో నాకు తెలుసు. ఇలా వినాల్సి వస్తుందని తెలియదు.

“నువ్వు ఆపుతావని తెలుసు” అంది. “ఆపి మూడు రోజులు నోరు మూసుకుంటావని తెలియదు.”

సైట్ ఆఫీసు గదిలో ఆమె సీనియర్, భవనం ఇంజనీరు, బాబాయ్ కూర్చున్నారు. నేను రాసి తెచ్చిన కాగితం వాళ్ళ ముందు పెట్టాను. తప్పంతా నాదని, ఆమె నా సంతకాన్ని నమ్మిందని రాశాను. సీనియర్ రెండుసార్లు చదివాడు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా చేశావా అని అడిగాడు. చేశానంటే, అప్పుడు ఆమె ఎందుకు పసిగట్టలేదని తర్వాతి ప్రశ్న వస్తుంది. అందుకని లేదన్నాను.

“చేశాడు” అంది ఆమె. “రెండుసార్లు. నాకు తెలుసు. తెలిసి కూడా రిపోర్టులో ట్రిప్ అనే రాశాను.”

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. నేను అడ్డుపడబోయాను, సీనియర్ చెయ్యెత్తి ఆపాడు. ఆ తర్వాత పని ఎంతోసేపు పట్టలేదు. నా లైసెన్సు తీసి టేబుల్ మీద పెట్టమన్నారు. ఆమెకు ఒంటరిగా యూనిట్లు నడిపించే అనుమతి ఇక రాదన్నారు. మళ్ళీ సీనియర్ల వెనకే వెళ్ళాలి. ఆమె సరేనని తలూపి, చూపించిన చోట సంతకం పెట్టింది.

బయటికొచ్చాక, ఎందుకు చెప్పావని అడిగాను. ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నాను.

“నీ సంతకం నమ్మి ఇక్కడిదాకా వచ్చాను. నువ్వు మళ్ళీ నా కోసం అబద్ధం ఆడుతుంటే కూర్చుని వినాలా?”

కంపెనీ జీపు గేటు దగ్గర ఆగి ఉంది. సీనియర్ ముందు సీట్లో కూర్చుని, వెనక సీటు మీదున్న సంచిని చూపించాడు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“ఆ రోజు క్షవరం చేయించుకుని మరీ వచ్చావు. ఏం చెబుదామని?”

దాచడానికి ఇంకేం మిగిలింది? “మా ఇంటికి రమ్మని అడుగుదామని. అక్కకు చూపిద్దామని” అన్నాను.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

“వచ్చేదాన్ని” అంది.

వెళ్ళి జీపెక్కింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. జీపు మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు. ఆమె తల తిప్పలేదు.

ఇంటికి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. మా ఇంట్లో రెండే కుర్చీలు. ఒకదాని మీద ఎప్పుడూ కుట్టాల్సిన గుడ్డలు కుప్పగా ఉంటాయి. అక్క ఆ గుడ్డలన్నీ తీసి మంచం మీద వేసి, కుర్చీ తుడిచి గది మధ్యలో పెట్టింది. అడుగుల చప్పుడు విని లేచి గుమ్మం దాకా వచ్చింది. నన్ను చూసింది. తర్వాత నా భుజం మీదుగా వీధిలోకి చూసింది.

నేను లోపలికి వచ్చి తలుపు వేశాను.