జయప్రకాశ్ పేరు రెండోసారి

జయప్రకాశ్‌ను చర్ల రోడ్డు మీద కాల్చిందెవరో ఇంకా తేలలేదు. చావు రాసిపెట్టింది మాత్రం ఒక వెబ్‌సైట్. అడవి ఊళ్ళలో మన నిఘా విభాగానికి పనిచేసేవాళ్ళ పేర్లు, ఫొటోలు విదేశీ ముఠా ఒకటి అందులో పెట్టింది. మొదటి లిస్టులో జయప్రకాశ్ పేరుంది. మూడో రోజుకల్లా అతను శవమయ్యాడు.

ఆ శవాన్ని దవాఖానాకు మోసింది ఏజెంట్ కోటేష్. ఆనాటి నుంచి, అదేం ఖర్మో, అతనికి ఏడుపూ రాలేదు, ఆకలీ వేయలేదు. కంచం ముందు పెడితే తింటాడు, లేకపోతే లేదు.

"రెండో లిస్టు ఇవాళ పన్నెండింటికి," అంది చీఫ్ పుష్పలత ఫోన్‌లో. "పదకొండు పేర్లు. మొదటిది మంగ్లి."

మంగ్లి అంటే, కోటేష్ జ్వరంతో పడిపోతే పోడుచేను గుడిసెలో ఆరు రోజులు దాచి జావ తాగించిన ముసలమ్మ. ఆ పేరు విన్నా అతని లోపల ఏమీ కదల్లేదు.

"నేను పోయి తీసుకొస్త మేడం."

"వాగు పొంగింది. సాయంత్రం దాకా జీపు దాటదు. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడైతది. రోజారాణిని కలువు."

ఇంటర్నెట్ మెకానిక్ వేషంలో, భుజాన వైరు చుట్టతో, కోటేష్ భద్రాచలంలో ఒక తలుపు తట్టాడు. తలుపు తీసినామెకు నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, వేలికి పచ్చరాయి ఉంగరం. రోజారాణి ముఠాకు వెబ్ డెవలపర్, మనకు వేగు.

"తునికాకు కట్టకు ఎన్ని ఆకులు?" అని అడిగింది.

"యాభై ఉండాలె. ఒకటి తక్కువే కడతరు."

కోడ్ కలిసింది. టైము 11:46.

"లాప్‌టాప్ పగలగొడత," అన్నాడు.

"పగలగొట్టు. ఏం ఫాయిదా? అంతా ఆటోమేటిక్ అన్నా. పన్నెండుకు రెండు నిమిషాలుండంగ సర్వర్ కోడ్ తీసుకుంటది, పేజీలు తయారుచేస్తది, టెస్టులు చూసుకుంటది. పన్నెండు కొట్టంగనే లోకమంతా పెడ్తది. మనిషితోని పనే లేదు."

"మంగ్లి పేరు తీసెయ్."

"తీసే పర్మిషన్ బాస్‌కే. నాకు చేర్చుడే." రోజారాణి కళ్ళద్దాలు తీసింది. "ఆయనకో పిచ్చి ఉంది. ఒకపాలి వేసిన పేరు మళ్ళీ వేస్తే ముఠా పరువు పోతదట. పాత లిస్టు పేరు కొత్తదాంట్ల కనబడితే టెస్ట్ ఫెయిలైతది, అంతా ఆగుతది. కానీ చేర్చింది నేనని ఆయనకు తెలుస్తది. నన్ను ఇక్కడ వదిలిపోవద్దు."

"వదల."

కోటేష్ కుర్చీ లాక్కున్నాడు. పాత లిస్టులో అతనికి కంఠతా వచ్చిన పేరు ఒక్కటే. రెండు వేళ్ళతో అక్షరాలు వెతుక్కుంటూ 'జయప్రకాశ్' అని కొట్టాడు.

11:58. పేజీలు తయారుచేసే బిల్డ్ తనంతట తానే మొదలైంది. టెస్టు నెగ్గినట్టు ఒక పచ్చ టిక్కు పడింది. ఇంకోటి పడింది. మూడోది తిరుగుతూనే ఉంది. 11:59:58కి స్క్రీన్ ఎర్రబడింది. 'ఈ పేరు ఇదివరకే ఉంది. పబ్లిష్ కాలేదు.'

ఏం తప్పిందో చూద్దామని బాస్ లాగిన్ అయ్యాడు. పుష్పలత మనుషులు కాచుకున్నది దానికోసమే. విదేశంలో ఉన్నాడనుకున్నవాణ్ణి ఆ లాగిన్ జాడ పట్టి, పావుగంటలో ఖమ్మంలో ఒక కిరాయి ఇంట్లో పట్టుకున్నారు.

సాయంత్రం వాగు తగ్గింది. కోడిపుంజును చంకన పెట్టుకుని మంగ్లి జీపెక్కి రోజారాణి పక్కన కూర్చుంది. కోటేష్ మొహం చూసి, "తిన్నవా బిడ్డా?" అంది.

అప్పుడు అతనికి ఆకలేసింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

ఫోన్ మోగింది. "రిపోర్టు రాస్తున్న," అంది పుష్పలత. "ఆపిందెవరు?"

"జయప్రకాశ్, మేడం."

"వాడు పర్మనెంట్ లీవుల ఉన్నడు గద?"

"కాన్సిల్ చేసుకొని డ్యూటీకొచ్చిండు."